సగం రోడ్డు

దాళ్వా కోతలైన వారం
కోడేరు రేవు నుంచి దొడ్డిపట్ల దాకా
ఏటిగట్టు రోడ్డు సగమే మాది.
మిగతా సగం వడ్లది.

గింజ టైరు కింద నలిగితే ఐదు సెకన్లు కోత అని
తొలి ఏడే నా లేతు షాపు తలుపు మీద
సుద్దముక్కతో రాసుకున్నాం.
ఆ గింజలు లెక్కపెట్టేది
రాశి పక్కన చీపురు పట్టుకు కూర్చునే
మాచవరపు సింహాద్రమ్మ.
ఆవిడ లెక్కకి అప్పీలు లేదు.

మొత్తం నాలుగు బళ్ళు.
నరసాపురం పళ్ళ డాక్టరు గ్రేస్‌మణి గారి పచ్చ హెరాల్డు,
టాపు ఎవరో ఎప్పుడో కోసేసింది.
రొయ్యల మేత అమ్మే నీలాద్రిరాజు గారి తెల్ల ఫియట్టు,
అది స్పోర్ట్స్ కారు కాదని మాలో మేం అనుకుంటాం,
ఆయనతో అనం.
ఖాదర్‌వలీ మాస్టారిది ఏ కంపెనీయో ఆయనకే తెలీదు,
వెళ్ళేప్పుడు దానంతటదే వెళ్తుంది,
వచ్చేప్పుడు ట్రాక్టరు వెనక వస్తుంది.

నాది ఎర్ర ఎం.జి. రెండే సీట్లు.
మూతపడ్డ ఆచంట రైసుమిల్లులో
ముప్పై ఏళ్ళు ఊక కప్పుకు పడుకుంది.
బయటికి లాగిన రోజు
బానెట్ కింద నుంచి ఒక పందికొక్కు, వెనక దాని పిల్లలు
అద్దె గడువు తీరినవాళ్ళలా నిదానంగా దిగిపోయాయి.
పిస్టన్ రింగులు పంటు ఇంజనువి.
పంపు సీలు రొయ్యల చెరువు ఏరేటరుది.
చక్రాల చువ్వలు నేనే తీశాను, చక్రానికి నలభై ఎనిమిది;
తన మొహం కన్నా వాటినే ఎక్కువ చూశానని
మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.
కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

సగం రోడ్డులో రెండు బళ్ళు పట్టవు,
అంచేత ఒక్కొక్కరే.
పక్కన పరిగెత్తేది గోదారొక్కటే,
దానికి ఏ తొందరా లేదు.

తెల్లారగట్ల నాలుగున్నరకి నా వంతు.
స్టీరింగు పావు చుట్టు దాకా మాటే వినదు,
ఆ తర్వాత అంతా ఒకేసారి వింటుంది.
మూడో గేరు. పచ్చి గడ్డి వాసన, కాలిన ఆయిలు వాసన.
పసుప్పచ్చ దీపాల్లో ఎడమ పక్కంతా వడ్లు,
దుప్పట్లు ముసుగేసుకున్న కాపలా మనుషులు.
చెప్పుకోకూడదు గానీ
అంత బాగా ఎప్పుడూ తోల్లేదు.

భీమలాపురం వంపులో
అద్దం మీద ఒక చుక్క.
పురుగనుకున్నాను.
రెండోది పురుగు కాదు.

"బరకాలు! బరకాలేయండ్రోయ్!"
దుప్పట్లన్నీ ఒక్కసారి లేచి మనుషులయ్యాయి.
బ్రేకు తొక్కాను. బండి అడ్డం తిరిగి ఆగింది.
"ఏవండోయ్ బండాయనా,
ఆ దీపాలు ఇటు తిప్పండి,"
అంది సింహాద్రమ్మ, చీపురు ఆపకుండానే.
తిప్పాను.

ఆవిడ బరకం గజం తక్కువైంది.
అడగలేదు. నా బండి నెత్తి వైపు చూసింది.
పదకొండు బొత్తాలు.
తిట్టుకుంటూనే విప్పాను.

ఎంతకీ రానని వెతుక్కుంటూ మిగతావాళ్ళొచ్చారు.
డాక్టరుగారు చీర దోపి పార పట్టింది.
ఫియట్టు డిక్కీలో పన్నెండు బస్తాలు పట్టాయి,
స్పోర్ట్స్ కారులో పట్టేవి కావు,
ఆ మాట రాజుగారు ఈనాటికీ వదల్లేదు.

ఇరవై నిమిషాల్లో వాన వెళ్ళిపోయింది, ఏమీ ఎరగనట్టు.
దొడ్డిపట్ల టీకొట్టులో స్టాప్‌వాచీతో కూర్చున్న కుర్రాడు
నిజాయితీపరుడు, ఆపలేదు.
రెండు గంటల పదహారు నిమిషాలని పుస్తకంలో రాశాడు.
సింహాద్రమ్మ టైర్ల కింద టార్చి వేసి చూసి
"ఏడు," అని కబురంపింది.
ముప్పై ఐదు సెకన్లు కలిపారు.

పది రోజులకి
పక్క సీటు కుట్లలోంచి నారు లేచింది,
వేలెడంత, లేత పచ్చగా.
పీకబుద్ధి కాలేదు.
తూర్పారబట్టే ఫ్యాను రెక్క అతికించుకోడానికొచ్చి
ఆవిడే చూసింది, వంగి, కళ్ళజోడు సర్దుకుని:
"ఇవి మావే," అంది.